వదిన మళ్లీ వేసిన జాయింట్

మా వదిన పోయిందన్న కబురు కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతుండగా వచ్చింది. అన్న ఫోన్ చేసి, "మీ వదినె లేదే ఇగ" అన్నాడు. పొద్దున షెడ్డు తాళం తీస్తూ తీస్తూ గుండె పట్టుకొని గడప మీదే కూర్చుండిపోయిందట. ఆస్పత్రికి తీసుకుపోయే దారిలోనే అయిపోయింది. యాభై రెండేళ్లు. నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టి, నిజామాబాద్ బస్టాండుకు నడిచి, బోధన్ బస్సు ఎక్కాను.

చదివేవారికి ఒక మాట ముందే చెప్పాలి. ఇది కృతజ్ఞతతోనే రాస్తున్నాను. కానీ వదిన గురించి ఏం చెప్పబోయినా దానికి అసూయ అంటుకొనే వస్తుంది. దాన్ని కడిగేసి రాస్తే అది వదిన గురించి రాసినట్టు కాదు, ఇంకెవరో మంచి మనిషి గురించి రాసినట్టు.

ఆ రోజు బస్సు దిగి మా గల్లీలోకి నడుస్తుంటే రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు, ఆటోలు, టాటా మ్యాజిక్కులు, కార్లు. డ్రైవర్లు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డారు. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. అలాంటి సమయంలో అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆలోచన మాత్రం పోలేదు.

మా బాపుది బండ్ల వైరింగ్ షెడ్డు. బోధన్ పొలిమేరలో, నిజామాబాద్ రోడ్డు మీద. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు లారీలకు లైట్లు, హారన్లు, డైనమోలు చేసేవాడు. చిన్నప్పుడు నేను షెడ్డులోకి తొంగిచూస్తే, "నీకెందుకు బిడ్డా గీ గ్రీజు? పో, సదువుకో పో" అని పంపేసేవాడు. ప్రేమతోనే అన్నాడు. నేను చదువుకున్నాను. యూనివర్సిటీలో ఫిజిక్స్ పీజీ చేసి, నిజామాబాద్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌నయ్యాను. అన్నకు ఆ పని ఎక్కలేదు, ఎరువుల దుకాణంలో చేరాడు. మహారాష్ట్ర సరిహద్దు ఊరి నుంచి, పదో తరగతి చదివి, మా ఇంటికి కోడలిగా వచ్చిన వదిన మాత్రం షెడ్డుకు చాయ్ తీసుకుపోయి, ఒకరోజు బాపు చేతిలో పని ఆగకుండా వైరులో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు పట్టుకొని నిలబడి, ఇక అక్కడే ఉండిపోయింది. ఆమెను ఎవరూ వెళ్లగొట్టలేదు. కోడలికి గ్రీజు అంటితే ఫరవాలేదు, కూతురికి అంటకూడదు. ఇందులో ఎవరి మీద ప్రేమ ఎక్కువో నాకు ఇప్పటికీ తేలలేదు.

కంప్యూటర్లున్న కార్లు వచ్చేసరికి బాపు చదువు అయిపోయింది. అక్కడ మొదలైంది వదిన చదువు. పాడైన సెన్సార్లను హాక్సా బ్లేడుతో కోసి లోపల ఏముందో చూసేది. ఫోన్‌లో హిందీ వీడియోలు పెట్టుకొని గోధుమపిండి పిసికేది. వైర్లు లెక్కపెట్టేటప్పుడు మరాఠీలో లెక్కపెట్టేది, "ఏక్, దోన్, తీన్" అని, తెలుగులో లెక్కపెడితే తప్పిపోతానన్నట్టు. ఏ బండి వచ్చినా ముందే కరెంటు కొలిచే మీటర్ తీసేది కాదు. చీర మీద అన్న పాత అంగి తొడుక్కొని, ప్రతి వైరునూ రెండు వేళ్లతో పట్టి కొంచెం లాగి చూసేది. "ముందుగాల ముట్టుకోవాలె. మీటర్ ఏడికి పోతది, ఈడనే ఉంటది" అనేది. వరి కోతలప్పుడు ఎలుకలు కొరికిన వైర్లతో బండ్లు వచ్చేవి. "పొలంల గింత పంట పెట్టుకొని, ఎలుకలకు నీ వైర్లు తినవెడ్తున్నవా?" అని రైతులను ఆడుకునేది. సాయంత్రం ఆ రోజు ఏ బండిలో ఏం దొరికిందో బాపుకు ఒక్కటీ వదలకుండా చెప్పేది. ఉద్యోగం చేస్తూ నేను చేసిన పీహెచ్‌డీ గురించి బాపు ఒక్కనాడూ అడగలేదు. నేను చెప్పబోలేదు కూడా. అయినా.

ఒకసారి వదిన మా కాలేజీ వార్షికోత్సవానికి వచ్చింది. నేను గొప్పగా ల్యాబు చూపించాను. బల్లల మీద వరుసగా పెట్టిన సర్క్యూట్ బోర్డులు చూసి, "ఇవన్ని ఏ బండియి?" అంది.

"ఏ బండివీ గావు. పిల్లలు నేర్చుకునేటందుకు."

"మరి చెడిపోతె ఎవలు పరేషాన్ అయితరు?"

ఎవరూ కారని చెప్పాను. "మంచిగుంది" అంది, నిజంగానే మెచ్చుకున్నట్టు. ఆ రాత్రంతా నాకు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. వెక్కిరించిందా, లేదా? ఆమె వెక్కిరించలేదేమో. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం నేను బోధన్‌లో ఉన్నాను. బాపుకు అప్పటికే చూపు మందగించి, షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. వర్ని దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు నుంచి ఒకాయన కారు తెచ్చాడు. దాని ఇంజన్ కాలిపోతే, యాక్సిడెంటయిన ఇంకో కారు ఇంజన్ తెచ్చి ఎక్కించారట. అప్పటి నుంచి డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు ఆరడం లేదు, నల్లపొగ, పెట్రోలు తాగేస్తోంది.

"ఆక్సిజన్ సెన్సార్ అన్నారమ్మా. రెండుసార్లు మార్పించాను. ఇక నా వల్ల కాదు" అన్నాడు.

వదిన కారు కింద దూరి అక్కడి నుంచే అడిగింది. "ఇంజన్ మారింది సరే పెద్దాయనా. గా ముచ్చట బండికి ఎవరన్న చెప్పిన్రా?"

ఆ సెన్సార్ పొగగొట్టం మొదట్లో ఉంటుంది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కారు కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. ఆ కబురును బట్టి కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. కబురు తప్పితే లెక్కంతా తప్పుతుంది. ఇదంతా నేను క్లాసులో చెప్పే పాఠమే. అందుకే నోరాగక, "నేను జూస్త" అన్నాను.

వదిన బయటికి జరిగి చేతులు తుడుచుకుంది. "సూడు లెక్చరరమ్మా. చీరె ఖరాబైతది, ఇగో నా అంగి తొడుక్కో."

"ఎవలు? నా బిడ్డనా? బండి కిందికా?" అని బాపు కుర్చీలోంచి నవ్వాడు. నలభై ఏళ్ల వయసులో మొదటిసారి నన్ను ఎవరూ షెడ్డులోంచి పొమ్మనలేదు.

ఫోన్‌లో రెండు కార్ల వైరింగ్ పటాలు పెట్టుకొని, మీటర్ పట్టుకొని రెండు గంటలు కూర్చున్నాను. సెన్సార్‌కు నాలుగు వైర్లు. రెండు దాన్ని వేడి చేయడానికి, ఒకటి కబురు మోయడానికి, ఒకటి ఎర్తుకు. కొత్తగా వచ్చిన ఇంజన్ వైపు వేడి చేసేవి తెల్లవి, కబురు మోసేది నల్లది, ఎర్తు బూడిద రంగుది. పాత బండి వైపు నల్ల వైర్లు వేడి చేసేవి. ఇంజన్ మార్చినవాళ్లు రంగు చూసి నలుపుకు నలుపు కలిపేశారు. నేను అది కనిపెట్టాను. నేనే కనిపెట్టాను.

"అబ్బ! నేనింక గంతదాక పోలే" అంది వదిన. ఆమె నిజంగా పోలేదా, నా కోసం పోలేదా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు.

తర్వాత చేతిలోకి పట్టుకారు తీసుకొని, "జరుగు, జాయింట్ నేను నొక్కుత" అంది.

"మొదలుపెట్టింది నేను. నేనే ముగిస్త" అన్నాను.

వైర్లు సరిచేసి, ల్యాబులో నేర్పినట్టు లోహం కరిగించి పోసి సోల్డర్ చేశాను. మెరిసేలా. దానిపైన చుక్క నీరు కూడా దూరకుండా సిలికాన్ పేస్టు మందంగా పట్టించాను. "గా వైర్లకు సోల్డర్..." అని వదిన ఏదో అనబోయింది. అప్పటికే బాపు కుర్చీలోంచి లేచి, వంగి, జాయింట్ తడిమి చూస్తున్నాడు. "ఎంత సాఫ్‌గున్నదే! నా బిడ్డ చెయ్యి సూడున్రి" అన్నాడు. వదిన మాట మింగేసింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయింది. ఆ సాయంత్రం చాయ్‌కు వచ్చిన ప్రతి మనిషికీ బాపు ఆ సంగతి చెప్పాడు. బస్సులో నేను నా చేతుల వాసన చూసుకుంటూ నిజామాబాద్ వచ్చాను.

కొన్ని నెలల తర్వాత నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పళ్ల డాక్టర్ దగ్గర ఆ రైతే కనిపించాడు. కారు ఎట్లా ఉందని అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వాడు.

"పది రోజులకే మళ్లీ లైటొచ్చిందమ్మా. మీ వదినగారు మీ జాయింట్ కోసేసి మళ్లీ వేశారు. తరవాత ఇంతవరకూ రాలా. మీ నాన్నగారు భోజనానికెళ్లిన టైం చూసి చేశారండి. ఆయనకి చెప్పొద్దన్నారు. మీకు కూడా చెప్పొద్దన్నారనుకోండి, నోరు జారింది."

ఆ ఆదివారమే బోధన్ పోయాను, కొట్లాటకే. వదిన షెడ్డులో కింద కూర్చొని వైర్ల తోలు ఒలుస్తోంది.

"నా జాయింట్ కోసినవట?"

"ఓ, గదా." చేతిలో పని ఆపలేదు. "నీ జాయింట్ మస్తుగ వేసినవ్. జరంత ఎక్కువ మస్తుగ వేసినవ్, గంతే."

"అంటే?"

"గా సెన్సార్‌కు పొగ ఒక్కటే సాలదు పిల్లా. బయటి గాలి గూడ కావాలె, పోల్చుకునేటందుకు. గా గాలి గీ వైరు లోపటి సందులకెల్లే పోతది. నువ్వు సోల్డర్ పోసి, మీదికెల్లి పేస్టు పూసి, సందు లేకుంట మూసేస్తివి. ఇగ అది దేనితోటి పోల్చుకుంటది?"

ఆ సెన్సార్ బొమ్మను ఎన్నోసార్లు బోర్డు మీద గీశాను. ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి, బాణం గుర్తుతో సహా. ఆ గాలి ఎక్కడి నుంచి లోపలికి వస్తుందని ఏ విద్యార్థీ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. సెన్సార్ వైర్ల ప్లగ్గులను గ్రీజు మెత్తి మూసిన బండ్లే తిరిగి తిరిగి ఎందుకు వస్తున్నాయో పట్టి చూసి, వదిన తనంతట తాను తెలుసుకుంది.

"మరి బాపుకెందుకు చెప్పలె?"

అప్పుడు తలెత్తింది. "మామ నాకు దినాం చెప్తడు, మంచిగ చేసినవ్ బిడ్డా అని. ఇరువై ఏండ్ల సంది. నీకు ఒక్కపారి చెప్పిండు. గదొక్కటి నేను గుంజుకోవాల్నా?"

మీలో కొందరికి ఈ మాట గొప్పగా వినిపిస్తుంది. నాకు ఆ రోజు చెంప మీద కొట్టినట్టు వినిపించింది. నాకంటూ ఉన్న ఒక్క మెచ్చుకోలు కూడా ఆమె వదిలిపెట్టినందుకే నా దగ్గర ఉంది. ఇస్తే తీసుకున్నదాన్ని సొంతమని ఎట్లా అనుకోను? చాయ్ తాగకుండానే వచ్చేశాను. ఆమె రోడ్డు దాకా వచ్చి, "అలిగినవా? అలుగు, అలుగు. వచ్చే ఐతారం పూరీలు చేస్త" అంది. చేసింది కూడా. నేను వెళ్లి తిన్నాను. బాపుకు మాత్రం నేను చెప్పలేదు, ఆమె చెప్పలేదు.

పదకొండో రోజు ఇంటి ముందు షామియానా వేశాం. భోజనాల బంతిలో డ్రైవర్లు, మెకానిక్కులు. బాపు మధ్యలో కూర్చున్నాడు. ఎవరో వదిన పనితనం గురించి ఎత్తుకున్నారు. బాపు తలూపి, "నా కోడలికి అందని బండి లేదు. ఒక్కటే ఒక్కటి, క్యాంపాయన కారు. గది మాత్రం నా బిడ్డ చేసింది" అన్నాడు.

ఆ క్యాంపాయన బాపు పక్కనే కూర్చొని తింటున్నాడు. ఆయన చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. నా వైపు చూడలేదు. చెప్పడమా, ఊరుకోవడమా అన్నది నాకే వదిలేశాడు.

నేను నీళ్ల జగ్గు పట్టుకొని వడ్డిస్తున్నాను. ఊరుకోవచ్చు. వదిన కోరిందీ అదే. నేను చెబితే అది నిజాయితీయా, లేక ఆమె పదకొండో రోజున కూడా నలుగురి కళ్లూ నా మీద పడాలనా? ఇప్పటికీ తెలియదు. కానీ ఇంతమంది ముందు, ఆమె లేని చోట, ఆమెకు చేతకాని పని ఒకటుందన్న మాట మిగిలిపోతుంది. దాన్ని తెచ్చింది నేను.

"బాపు, గది నేను చేసింది గాదు" అన్నాను. "వైర్లు తప్పు కలిపిన్రని దొరకవట్టింది నేనే. నా జాయింట్ పదిరోజులకే ఫెయిలయింది. వదినె కోసి మల్ల వేసింది. నీకు చెప్పొద్దన్నది."

బాపు తిడతాడనుకున్నాను. పోనీలే బిడ్డా అంటాడనీ అనుకున్నాను. ఆయన మసక కళ్లతో నేనున్న దిక్కు చూసి, "సోల్డర్ పోసినవా?" అన్నాడు.

"పోసిన."

"మీద పేస్టా?"

"ఆ."

"ఓ..." అన్నాడు. చిన్నబోయిన గొంతుతో, "నాకు అన్ని చెప్పేది. గిదొక్కటి చెప్పలే" అన్నాడు. మళ్లీ వెంటనే, "ఎట్ల కలిపింది మరి? సోల్డర్ లేకుంట?"

నాకు తెలియదు, నేను చూడలేదు అన్నాను. అప్పుడు క్యాంపాయన ఎడమ చేత్తో బాపు మోకాలు తట్టాడు. "నేను చూశానండి. పక్కనే కూర్చున్నాను. నాలుగు తీగల్నీ నాలుగు చోట్ల కోశారు, జాయింట్లు ఒకదానికొకటి తగలకుండా. తీగకో ఇత్తడి గొట్టం తొడిగారు. పట్టుకారుతో నొక్కారు. పైన గుడ్డ టేపు, అదీ వదులుగా."

బాపు ఎంగిలి చెయ్యి అలాగే గాలిలోకి లేచింది. లేని వైరును ఎడమ చేత పట్టుకొని, కుడి గోటితో తోలు ఒలిచాడు. గొట్టం తొడిగాడు. నొక్కాడు.

"కాదండి, ముందు తెల్లది" అన్నాడు క్యాంపాయన.

బాపు తప్పు చేసిన పిల్లవాడిలా తలూపి మళ్లీ మొదలుపెట్టాడు. తెల్లది ఒకటి. ఇంకో తెల్లది, దాని కంటే బెత్తెడు కిందికి. తర్వాత నల్లది. డ్రైవర్లు తినడం మానేసి ఆ వేళ్లనే చూస్తున్నారు. నేను కూడా. పోయిన మనిషి మీద అసూయపడడం ఏం బుద్ధి అని నన్ను నేను తిట్టుకున్నాను, ఆ వేళ్ల మీంచి మాత్రం చూపు తిప్పుకోలేకపోయాను. చివరిది బూడిద రంగు వైరు. బాపు దాని కొస ఒలిచి, గొట్టంలోకి దూర్చి, బొటనవేలు చూపుడువేలి మీద పెట్టి గట్టిగా నొక్కాడు. చాలాసేపటి దాకా ఆ వేలు తీయలేదు.