ఫిల్టర్ నీళ్లలో మొదటి బిందె

చేదు నీళ్లను తియ్యబరచి, బండలోంచి ఊట పుట్టించి, దప్పిగొన్న ప్రతి ప్రాణికీ దాని వంతు కొలిచి పోసే తండ్రికి స్తోత్రం. ఇంతకాలం నన్నూ నా ఇంటివారినీ తన రెక్కల చాటున దాచిన ఆయన నామానికి మహిమ. ఈ మాట ముందు చెప్పకుండా నీళ్ల గురించి ఏం రాయబోయినా నా కలం సాగదు.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. పర్చూరుకు ఏడెనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఒక పెద్ద గ్రామంలో, మా సంఘం వారి ఎలిమెంటరీ స్కూల్లో నేను టీచర్ని. మావారు పక్క ఊరి స్కూల్లో పనిచేసేవారు. పొద్దున సైకిలు మీద వెళ్తే మళ్లీ సాయంత్రమే రాక. ఇంట్లో మా అత్తగారు, నాలుగేళ్ల మా పాప. పాపకంటే ముందు మాకొక బాబు పుట్టాడు. ఏడాదిన్నర వయసులో, ఒక వేసవిలో, రెండు రోజుల వాంతులూ విరేచనాలతో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. పాపకేమో అప్పటికి ఏడాదిలో రెండుసార్లు టైఫాయిడ్ వచ్చింది. రెండోసారి చిలకలూరిపేట తీసుకెళ్తే డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, ఈ పిల్ల పేగులు ఇంకోసారి తట్టుకోవడం కష్టం, ముందు తాగే నీళ్ల సంగతి చూసుకోండి అన్నారు.

ఆ మాట నా చెవిలో పడ్డ దగ్గర్నుంచి నాకు నిలకడ లేదు. మా ఊరి చెరువుకి సాగర్ కాలవ నీళ్లు వదిలేవారు. చెరువు నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి కుళాయిలకి. పొద్దున ఒక గంట వచ్చేవి. మా ఇల్లుగలాయన కాస్త కలిగినవాడు కాబట్టి వంటింట్లోకే కుళాయి వేయించాడు. ఊరంతా మమ్మల్ని అదృష్టవంతులనేవారు. కానీ ఆ కాలవ గట్టు మీద పత్తిచేలకు పురుగుమందు కొట్టినవాళ్లు పంపులు కడుక్కోవడం నేను స్కూలుకు వెళ్తూ చూసేదాన్ని. పైన గేదెలు, కింద బట్టలు. అవే నీళ్లు మర్నాడు నా కుళాయిలో. బోర్డు మీద కూడిక రాస్తూ మధ్యలో ఆపేసి, ఇప్పుడు ఇంట్లో పాప ఏ నీళ్లు తాగుతోందో అని కిటికీలోంచి మా వీధి వైపు చూసేదాన్ని. ప్రార్థనకు మోకరిస్తే నా మాటల మధ్య కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించేది. లేచి వెళ్లి కట్టేసి వచ్చి మళ్లీ మోకరిస్తే, చేస్తున్న ప్రార్థన ఎక్కడ ఆగిందో గుర్తుండేది కాదు.

పొద్దున్నే నీళ్లు కాచి మూతపెట్టి వెళ్లేదాన్ని. మా అత్తగారికి కాచిన నీళ్లు గిట్టవు. చప్పగా, పొగచూరినట్టు ఉంటాయని ఆమె కుండలో ఇండుపగింజ అరగదీసి, మన్ను అడుక్కి దిగాక పైతేట తాగేది. పాపకూ అదే. అదీ కాకపోతే పాప కుళాయి కింద దోసిలి పెట్టి తాగేది. వద్దని చెప్పమంటే అత్తగారు నా మీదికి వచ్చింది.

"ఏందమ్మాయ్, మేం చెరువు నీళ్లు పైటచెరుగుతో వడగట్టుకొని తాగినోళ్లం. చచ్చామా?"

అనేసి, తను అన్నదేమిటో తనకే తట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెరట్లోకి వెళ్లిపోయింది. బాబు పోయింది ఆమె ఒళ్లోనే.

కుళాయికే బిగించే ఫిల్టర్లు వచ్చాయని మా స్కూలు టీచరొకామె చెప్పింది. ఒక శనివారం స్కూలు కాగానే గుంటూరు బస్సెక్కాను. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. బస్సు కిటికీల్లోంచి ఘాటు కొట్టి అందరూ ఒకటే తుమ్ములు. నాకు మాత్రం ఆ తుమ్ముల మీద కూడా ధ్యాస లేదు.

షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి రెండంతస్తుల స్టీలు డ్రమ్ము. పైదాంట్లో నీళ్లు పోస్తే క్యాండిళ్లనే తెల్లటి పింగాణీ గొట్టాల్లోంచి చుక్కచుక్కగా కిందికి దిగుతాయి. రెండోది లోటా అంత ఉంటుంది, కుళాయి మూతికి బిగించాలి. లోపల క్యాండిల్, దాని నడుమ బొగ్గు. షాపాయన డ్రమ్మే నమ్మకమైనదన్నాడు. డ్రమ్ము తీసుకుంటానన్నాను. అట్టపెట్టెలో సర్దించుకొని బస్టాండుదాకా వచ్చి, అక్కడ ఆగిపోయాను. డ్రమ్ములో నీళ్లు ఎవరో ఒకరు పొయ్యాలి. పగలు పోసేదెవరు? తొందరైతే మా అత్తగారు మూత తీసి పైనున్న నీళ్లే ముంచి ఇస్తుంది. పాప దోసిలి పట్టేది కుళాయి కింద. కుళాయిలోంచే మంచి నీళ్లు వస్తే తప్ప ఈ ఇంట్లో ఏదీ నిలవదు. వెనక్కి వెళ్లి చిన్నది ఇమ్మన్నాను. షాపాయన మార్చి ఇచ్చాడు. గుమ్మం దిగి, ఇది సరిగ్గా పట్టకపోతే ఎలా అని మళ్లీ లోపలికి వెళ్లాను. ఆయన ఈసారి నవ్వి, "అమ్మగారూ, మీరు ఈ బస్సు కూడా వదిలేస్తారు" అన్నాడు. అప్పటికి రెండు బస్సులు వదిలేశాను.

తిరుగు బస్సులో ఆ చిన్న ఫిల్టరు డబ్బాని ఒళ్లో పెట్టుకొని ఒక మొక్కుబడి చేశాను. మా సంఘంలో ప్రథమ ఫలం దేవునిదని గట్టి పట్టింపు. మిరప మొదటి కోత, పత్తి మొదటి తీత, ఈనిన గేదె మొదటి జున్ను, అన్నీ మందిరానికి రావాల్సిందే. నాకు పొలం లేదు, పాడి లేదు. ప్రభువా, దీనిలోంచి వచ్చే మొదటి బిందె నీళ్లు నీ బల్లకు ఇస్తాను, నా బిడ్డను నాకు ఉంచు అన్నాను. మరుసటి వారం వచ్చే ఆదివారం నెలలో మొదటిది, ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధన. పాస్టరు గారి భార్యను మేమంతా అమ్మగారనేవాళ్లం. ఆమె ప్రతిసారీ శనివారం ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, వడగట్టి ద్రాక్షరసం తీసేవారు. ఆ నీళ్లు నా ఇంటివి కావాలని నా ఆశ.

ఫిల్టర్ బిగించడానికి మా ఊళ్లో బోరింగులు బాగుచేసే సాయిబు గారు వచ్చారు. కుళాయి మూతిని వేలితో తడిమి, దీనికి మరలే లేవు, నున్నగా ఉంది, ఫిల్టరు దేన్ని పట్టుకుంటుంది అన్నారు. ఆయన శుక్రవారం సాయంత్రం మరలున్న కొత్త కుళాయి తెచ్చి, జనపనార చుట్టి, తెల్లరంగు పూసి బిగించారు. శనివారం పొద్దున నీళ్లొచ్చే వేళకి మళ్లీ వచ్చారు. ముందు గాలి బుసకొట్టింది. తర్వాత అతుకు దగ్గర పిచికారీలా చిమ్మి మా అత్తగారి చీరంతా తడిసింది. ఆయన వాషరు మార్చి, పానా ఇంకో చుట్టు తిప్పితే, సన్నటి ధార పడింది.

"టీచరమ్మా, ఇయ్యాళ్టి నీళ్లూ రేపటి నీళ్లూ పారబొయ్యండి. కొత్త క్యాండిలు, లోపలంతా బొగ్గు నుసి. తాగమాకండి."

విన్నాను. వినలేదని ఎవరితోనూ అబద్ధమాడలేను. కానీ మొదటి నీళ్లు మోరీలో పారబోసి, మూడోనాటివి తెచ్చి ఇవి నీకని దేవుడితో ఎలా అంటాను? వంటింటి వెలుతురులో బిందె పైన నీళ్లు తేటగానే కనిపించాయి. పనివాళ్ల జాగ్రత్త ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే అనుకున్నాను. పాపను మాత్రం ఆ రోజు కుళాయి దగ్గరికి రానివ్వలేదు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు. నా బిడ్డకు పొయ్యని నీళ్లను చంకనెత్తుకొని ప్రభువు బల్లకు మోసుకెళ్లాను.

మధ్యాహ్నం అమ్మగారు కబురు పెట్టారు. వెళ్లి చూస్తే, నా నీళ్లు పోసిన గిన్నె అడుగున బూడిదరంగు మడ్డి. ద్రాక్షపళ్లన్నిటికీ నల్లటి నుసి. ఆమె ఒక పండు వేళ్ల మధ్య నలిపి చూపించి, "బిందె తోమలేదా అమ్మా?" అన్నారు. బిందె కాదండీ, నీళ్లే అన్నాను. ఆమె అన్నీ గోడవారన పారబోసి, డబ్బాలో మిగిలిన గుప్పెడు ద్రాక్షను తమ కుండలోని చెరువు నీళ్లలో వేసుకున్నారు.

నేను ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. దేవుడు నా అర్పణ తోసేశాడు అనుకున్నాను. అర్పణ తోసేస్తే మొక్కూ తోసేసినట్టే. అంటే పాప? ఆ సాయంత్రం పాప నుదురు ఎన్నిసార్లు తాకానో లెక్కలేదు. మావారు అన్నం ముందు కూర్చొని, ఇంత విశ్వాసం ఉన్నదానివి, నీకీ భయమేమిటి అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు.

ఆదివారం ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్లెం నా వరసకు వచ్చినప్పుడు నేను చెయ్యి చాపలేదు. పక్కామెకు అందించేశాను. పాస్టరు గారు చూశారు. ఆరాధన అయ్యాక నన్ను మందిరం మెట్ల దగ్గర ఆపారు. ఉన్నదంతా చెప్పేశాను, బస్సులో మొక్కుకున్న మాటతో సహా. ఆయన, మిరప మొదటి కోత తెచ్చేవాళ్లు కల్లంలోంచి తట్ట ఎత్తుకొని నేరుగా ఇక్కడికి వస్తారా అని అడిగారు.

"లేదండీ. తాలుకాయలు ఏరేసి తెస్తారు."

"నువ్వు తాలుతో తెచ్చావు. అంతేనమ్మా జరిగింది. దేవుడికి నీ మీద కోపం లేదు. కానీ ఆయనతో బేరం పెట్టావు చూడు, అది ఇంక మానెయ్. బాబుని బేరం కుదరక తీసుకున్నాడా ఆయన?"

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. బాబు పోయిన నాటి నుంచీ నా లోపల ఉన్నది అదే. నేనేదో ఇవ్వనందుకు వాణ్ని తీసుకున్నాడని. ఎవరితోనూ అనలేదు, నాతో నేనూ అనుకోలేదు.

"ఆ సాయిబు చెప్పినట్టు చెయ్యి. ఆయన పని ఆయనకు తెలుసు," అన్నారు పాస్టరు గారు. "నీళ్లు తేటపడ్డాక మొదటి గ్లాసు పాపకియ్యి. నాకు పంపమాక."

సోమవారం, మంగళవారం కూడా ధార వదిలేశాను. సాయిబు గారు చెప్పినదానికి రెండు రోజులు ఎక్కువే. బుధవారం గాజుగ్లాసులో పట్టి, వాకిట్లోకి తెచ్చి ఎండకు ఎత్తి చూశాను. నలుసు లేదు. అయినా పాపకు ఇవ్వడానికి నా చెయ్యి లేవలేదు. అత్తగారు నా చేతిలోంచి గ్లాసు తీసుకొని సగం తాను తాగి, మిగతాది నా చేతికే ఇచ్చింది. నేనే పాపకు తాగించాను.

"చప్పగా ఉందమ్మా," అంది పాప.

ఆ తర్వాత రెండు వారాలు స్కూలు నుంచి వస్తూనే దాని నుదురు మీద చెయ్యి వేసేదాన్ని. చివరికి అదే విసుక్కొని, "జొరం లేదమ్మా. నిన్న లేదు, రేపు కూడా ఉండదు. అన్నం పెట్టు," అంది. ఆ వేసవి దానికి జ్వరం రాలేదు. వారానికోసారి ఆ క్యాండిల్ ఊడదీసి బ్రష్షుతో రుద్దితే, తెల్లటి దాని మీద నుంచి రేగడి మట్టి చారలు చారలుగా దిగేది. ఆ మట్టిని చూస్తూ స్తోత్రం చెప్పుకునేదాన్ని. అడగడం మానేసి ఉత్త స్తోత్రమే చెప్పడం నేను ఆ కుళాయి దగ్గరే నేర్చుకున్నాను. పూర్తిగా నేర్చుకున్నానని అనను. ఈనాటికీ ఇంట్లో ఎవరైనా ఒళ్లు వెచ్చగా ఉందంటే నా మనసు ముందు బేరానికే లేస్తుంది.

ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, ఏ తల్లి అయితే ఈ పూట తన బిడ్డకు నీళ్లు పట్టి ఇవ్వడానికి భయపడుతున్నదో ఆమె చేతికి ధైర్యమియ్యి. ఆ గ్లాసులో నీళ్లు తేటగా ఉంచు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అది తాను తీర్చని అప్పుకు శిక్ష అనుకోకుండా కాపాడు. ఆమేన్.