ఎర్రనీళ్లలో బంగారం

మా కెమిస్ట్రీ సారు పోయారని సోమవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. గుండెపోటు. ఏడ్వాల్సింది పోయి నాకు ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

సారుది బ్రూస్‌పేటలో బట్టల అంగడి ఉన్న కుటుంబం. అంగడి తమ్ముడికి వదిలేసి కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదిరారు. మోక అనే ఊళ్లో ఉండే ఆయన అక్కకు జబ్బు చేసింది. స్కాన్‌లో రక్తనాళాలు తెల్లగా తేలాలంటే అయోడిన్ మందు ఎక్కించాలి. ఆమె కిడ్నీలు తట్టుకోవని డాక్టర్లు అది లేకుండానే స్కాన్ తీశారు. ఫిల్ములో ఏమీ తేలలేదు, అక్క దక్కలేదు. అప్పటినుంచి సారుకు ఒకటే పట్టు: అయోడిన్ బదులు బంగారం.

కాలేజీ ల్యాబులో సారూ నేనూ బంగారు లవణాన్ని నీళ్లలో మరిగించి, కంటికి ఆననంత సన్నటి రేణువులు చేసేవాళ్లం. బంగారం అంత సన్నబడితే నీళ్లు దానిమ్మరసంలా ఎర్రబడతాయి. సారు రోజూ సీసాను కిటికీ దగ్గర పట్టుకుని అడుగున మడ్డి దిగిందేమో చూసేవారు. దిగితే ఆ రోజు టీ కూడా తాగరు. "ఇది మనిషి ఒంట్లోకి పోయేదప్పా, మళ్లా చేద్దాం" అనేవారు. పనంటే భయభక్తి నాకు ఆయన దగ్గరే అబ్బింది.

ఒకసారి మా సీసానూ అయోడిన్ సీసానూ పక్కపక్కన పెట్టి ఎక్స్‌రే తీయించాం. మాదే తెల్లగా వచ్చింది. ఆ రోజు సారు రెండు టీలు తాగారు.

తర్వాత ఆడిట్ వచ్చింది. కాలేజీ డబ్బుతో కొన్న బంగారం యాడుందని అధికారి అడిగాడు. సారు సీసా చూపించారు.

"బంగారం పచ్చగా ఉంటాది గదా సార్. ఇవి ఎర్రనీళ్లు."

పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ సైన్సు చదివినవాడే. నోరు మెదపలేదు. ల్యాబుకు తాళం పడింది, బంగారం కాజేశారని సారు మీద విచారణ మొదలైంది. సారు రాసిన వివరణ ఎవరైనా చదివారో లేదో తెలియదు. "నేను దొంగ కాదని ఒక కాగితం ఇస్తే చాలప్పా, పని చేసుకుంటా" అని మూడేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగారు. అది రాకుండానే పోయారు.

సంతాపసభలో అదే ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని, సారు బంగారం లాంటి మనిషి అన్నాడు. నేను లేచాను.

"ఆ మాట కాగితం మీద రాసీయండి సార్."

ఇది సమయం కాదని నన్ను కూర్చోబెట్టారు. మరి ఏది సమయమో ఎవరూ చెప్పలేదు. సారు భార్యకు శాలువా కప్పి, ఒక కవరు చేతిలో పెట్టారు. ఆమె అక్కడే విప్పారు. లోపల సంతాప తీర్మానం. చివరి సంతకం దాకా చదివి, కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.