రుక్మిణక్క చదివి వినిపించిన సాక్ష్యం

తిరుపతి కోర్టు దగ్గర రోడ్డు పక్కన ఒక ముసలాయన ఇంకా టైపు మిషను పెట్టుకుని కూర్చుంటాడు. చుట్టుపక్కల అందరూ కంప్యూటర్లకు మారిపోయారు. మొన్న పక్కింటి పిల్ల ఏదో కాగితం పని మీద పోతుంటే నేనూ తోడు వెళ్లాను. ఆయన కొడుతున్న వరుస కాగితం చివరికి వచ్చేసరికి ఆ మిషనులో చిన్న గంట టింగుమని మోగింది. ఆ చప్పుడుకి నా కాళ్లు ఆగిపోయాయి. “ఏం పెద్దమ్మా, మోకాళ్లు నొస్తా ఉండాయా?” అని అడిగింది పిల్ల. మోకాళ్లు కాదు. చిత్తూరు కోర్టు హాల్లో కిటికీ పక్కన మిషను ముందు కూర్చున్న రుక్మిణక్క కళ్ల ముందుకొచ్చింది.

రుక్మిణక్క జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో టైపిస్టు. మా పక్క ఆ కోర్టును ఇప్పటికీ మున్సిఫ్ కోర్టనే అంటారు. తిరుపతిలో గుడి సేవ చేసుకునే ఇంటి ఆడబిడ్డ ఆమె, నుదుటి మీద సన్నటి తిరుచూర్ణం గీత, రోజూ బస్సులో రాను పోను. నాకు చుట్టం కాదు, నా వకీలు తరఫు మనిషీ కాదు. నేను ఆ కోర్టుకు ఎందుకు పోవాల్సి వచ్చిందంటే, మా ఆయన పోయి నెల తిరక్కుండానే మా బావ, అంటే మా ఆయన అన్న, నన్ను ఒక ఆఫీసుకు తీసుకుపోయి, వితంతు పింఛను కాగితమని చెప్పి వేలిముద్ర వేయించాడు. అది రిజిస్ట్రారు ఆఫీసని కూడా నాకు తెలియదు. కాణిపాకం దగ్గర మాకున్న ఎకరా మామిడి తోట మీద హక్కు వదులుకున్నానని ఆ కాగితంలో రాసుందట. కాయ కోయబోతే బావ అడ్డం నిలబడ్డాడు, అప్పుడు తెలిసింది. నాకున్నదంతా ఆ తోటే, అందుకే ఆ కాగితం చెల్లదని దావా వేశాను.

వాయిదాలకు తిరిగి తిరిగి కోర్టు వరండాలో నా చోటు నాకు ఏర్పడిపోయింది. ఒక మధ్యాహ్నం రుక్మిణక్క పెరుగన్నం డబ్బా తీసుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. నేనేమో, “ఈ జడ్జి సారు ఇనకపోతే పోనీలేక్కా. దీనిమీద ఇంకా పెద్ద కోర్టులు ఉండాయంట గదా. ఆడ పోయి ఏడ్సుకుంటాను” అన్నాను.

ఆమె నవ్వలేదు. “అట్ల అనుకోవద్దు చెంగమ్మా. దీనిపైన జిల్లా కోర్టు ఉండాది, ఆపైన హైకోర్టు ఉండాది. పైకి పోయేకొద్దీ నిన్ను సూసేవాళ్లు ఉండరు. ఈడ రాసిన కాగితాన్నే సూస్తారు. నీ మొకం సూసి, నీ నోట విని రాసుకునేది ఈ కిందికోర్టు ఒకటే.”

“మరి కాగితంలో పడకుంటే?”

“నువ్వు చెప్పనట్టే లెక్క. ఊరగాయ ఏస్కో.”

నా సాక్ష్యం రోజు రానే వచ్చింది. బావ వకీలు ఆ కాగితం చూపించి, ముద్ర నీదేనా అని అడిగాడు. “ముద్ర నాదే సామీ. దాంట్లో ఏం రాసినారో నాకు తెలీదు. పింఛనుకని చెప్పి ఏయించినారు” అన్నాను. నా మాట పూర్తయ్యేలోగానే ఆ వకీలూ మా వకీలూ ఒకరి మీద ఒకరు లేచారు. జడ్జి గారు ఇద్దరినీ కసిరి, నేను చెప్పింది ఇంగ్లీషులో చెబుతూ పోయారు, అక్క టైపు కొడుతూ పోయింది. అంతా అయ్యాక మా వకీలు కాగితాలు నా ముందుకు తోశాడు. “ముద్ర ఎయ్యమ్మా, పక్క కోర్టులో నన్ను పిలుస్తా ఉండారు.” వేలు సిరాలో అద్దాను. రుక్మిణక్క కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

“ఉండండి సార్. చదివి చెప్పాల.”

“ఆమెకేమన్నా ఇంగ్లీషు వచ్చునా?”

“రాదు కాబట్టే సార్. తెలుగులో చదివి చెప్పినామని కింద నా చేత్తోనే కొట్టినాను. చెప్పకుండా చెప్పినానని రాసేది నాకు చేతగాదు.”

ఒక్కో వరుసా తెలుగులో చెబుతూ వచ్చింది. ముద్ర నాదే అన్నది చెప్పి తర్వాతి ప్రశ్నకు పోయింది. నేను ఆపాను. “అక్కా, దాంట్లో ఏముండాదో తెలీదని చెప్పినానే, అది యాడ?” ఆమె మళ్లీ చూసింది. లేదు. పింఛను మాటా లేదు. కాగితం పట్టుకుని నేరుగా జడ్జి గారి దగ్గరకు నడిచింది. బావ వకీలు అందుకున్నాడు: “ఇప్పుడు నేర్పించి మాట మారుస్తా ఉండారు సార్.”

“నేను చెప్పింది నువ్వు వదిలేసినావా రుక్మిణమ్మా?” అని జడ్జి గారు అడిగారు.

అవునంటే ఆమెకు సులువు. “లేదు సార్. వకీళ్లు అరుస్తా ఉంటే మీరే ఆ మాట చెప్పలేదు. ఆమె చెప్పింది. నేను ఇన్నాను” అంది. నా ఎకరా కోసం ఈమె ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. జడ్జి గారు బావ వకీలు వైపు తిరిగి, “మీరు చెప్పండి, ఆమె ఆ మాట అనలేదా?” అన్నారు. ఆయన ఫైలులో ఏదో వెతుక్కున్నాడు. జడ్జి గారు పెన్ను తీసి ఆ రెండు మాటలూ తన చేత్తో పక్కన రాసి సంతకం పెట్టారు. అక్క వాటినీ నాకు చదివి చెప్పింది. అప్పుడు ముద్ర వేశాను.

ఆ కోర్టులో గెలిచాను. బావ జిల్లా కోర్టుకు పోయాడు. అక్కడ వెనక బెంచీలో కూర్చున్న నన్ను ఎవరూ పిలవలేదు, నా వైపు చూడనైనా లేదు. పెన్నుతో రాసిన ఆ వరుస దగ్గర మాత్రం పెద్ద జడ్జి గారు ఆగి రెండుసార్లు చదివారని మా వకీలు చెప్పాడు. తోట నాకే ఉండిపోయింది. మొదటి కోతలో ఒక గంప బెంగుళూరా మామిడికాయలు అక్కకు తీసుకుపోతే ముట్టుకోలేదు. “నీ సాక్ష్యం టైపు కొట్టిన చేత్తో నీ కాయ తింటే ఏమంటారే? పో, బస్టాండులో ఆడోళ్లకు పంచు” అని తిట్టింది. పంచాను.

రిటైరైన కొన్నాళ్లకే ఆమె పోయింది. ఇప్పుడు కొన్ని కోర్టుల్లో సాక్ష్యం తెలుగులోనే రాస్తున్నారని, కొట్టేది కనబడేలా సాక్షి ఎదుట కంప్యూటరు తెర కూడా పెడుతున్నారని విన్నాను. అక్క ఉంటే సంతోషించేది. తెర సరే, చదువు రానివాళ్లకు ఎవరు చదువుతారని కూడా అడిగేది.

పోయినేడు కంటి ఆపరేషనుకు పోతే నర్సు పిల్ల ఒక కాగితం ముందు పెట్టి ముద్ర వేయమంది. చదవమన్నాను. వెనక ఇంకా పదిమంది ఉన్నారని విసుక్కుంటూనే మొదటినుంచీ చివరిదాకా చదివింది.

“సూసినావా పెద్దమ్మా, దీంట్లో ఏమీ లేదు గదా” అంది.

“లేదని ఇప్పుడు తెలిసింది గదమ్మా” అని బొటనవేలు చాచాను.