మందు ఎంచుకోవడానికి గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా

ఉదయం ఆరున్నరకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాను. నా కుడి మూత్రపిండంలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు కూడా పాకిందని హైదరాబాద్‌లో చెప్పారు. వైద్యానికి రెండు దారులున్నాయని, నా విషయంలో రెండూ సరైనవేనని, ఏది కావాలో ఆలోచించుకొని సోమవారం రమ్మని అన్నారు డాక్టరు గారు. ఆ మందులు వాడిన మనుషులను చూసి నిర్ణయించుకుందామని ఈ ప్రయాణం. మా వంశంలో గుర్రాన్ని కొన్నా, పొలం కొన్నా ముందు వెళ్లి చూసి రావడం అలవాటు. గుర్రాలూ పొలాలూ పోయాయి. అలవాటు మిగిలింది.

రెండింటిలోనూ ఉన్నది ఇమ్యూనోథెరపీ. అంటే మన ఒంట్లోని రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి వదలడం. ఆ శక్తికి పగ్గాలుంటాయి. క్యాన్సర్ వాటిని పట్టుకొని ఆపుతుంది, మందు ఆ పగ్గాలను వదులు చేస్తుంది. మొదటి దారిలో అలాంటి మందులు రెండు, నరంలోకి ఎక్కిస్తారు. రెండో దారిలో ఎక్కించేది ఒకటే. దానితో పాటు గడ్డకు రక్తం అందకుండా చేసే మాత్ర రోజూ వేసుకోవాలి. డాక్టరు గారు ఓపికగానే చెప్పారు. వాడే మనిషికి ఎలా ఉంటుందో మాత్రం వాడినవాళ్లే చెప్పాలి.

ఆసుపత్రి క్యాంటీన్లో పరిచయమైన ఒక పాలమూరు మనిషి ఆ మందులు వాడిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇచ్చాడు. వాళ్లకు ఫోన్ చేసినప్పుడు రోగి మా అన్నగారని చెప్పాను. మా ఆవిడకేమో మూత్రపిండంలో రాయి అని చెప్పాను. మా ఇంటి మగవాళ్లు ఒంటి బాధ చెప్పుకోరు. మా నాన్నగారు చివరి వారంలో కూడా చూడవచ్చినవాళ్లను లేచి కూర్చునే పలకరించారు.

బస్సు ఆడవాళ్లతో నిండిపోయింది. ఎర్రవల్లి చౌరస్తా దాటాక జామకాయల గంపతో ఒకావిడ ఎక్కి నన్ను ఎగాదిగా చూసింది.

"ఓ పెద్దసారూ, కట్టె లెక్క నిలవడితివి. జర వంగరాదు?"

"అలవాటు లేదమ్మా."

"గట్లయితే గీ గంప పట్టుకో. నేను వంగి నిలవడ్త."

చుట్టూ అందరూ నవ్వారు. బీచుపల్లి వంతెన మీద కృష్ణను చూసింది ఆ గంప అంచు మీదుగానే. పెబ్బేరులో దిగుతూ ఆవిడ ఒక జామకాయ నా చేతిలో పెట్టింది. బాగుంది.

వనపర్తిలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, పాత బజారులో సత్తెమ్మ గాజుల దుకాణానికి వెళ్లాను. ఆమెదీ మూత్రపిండం క్యాన్సరే. రెండో దారి ఎంచుకుంది. మెత్తటి చెప్పులు వేసుకొని స్టూలు మీద కూర్చుని ఉంది.

"మందు ఎక్కిచ్చిన నాడు ఏం గాదన్నా. లొల్లంత మాత్రతోనే. అరికాళ్లు నిప్పుల మీద వెట్టినట్టుంటయ్. బీపీ ఎక్కుతది, రోజు చూసుకుంట. మరీ మండితే డాక్టర్‌ను అడిగి నాల్గు దినాలు మాత్ర ఆపుత, జర నిమ్మళమైతది. గడ్డ అయితే చిన్నగైంది." గాజులు సర్దుతూ తలెత్తి చూసింది. "మీ అన్న కష్టం జేసెటోడా, కూసొని తినెటోడా?"

"కూర్చుని తినేవాడే."

"ఇంగేంది మరి! నడిచే పనే లేదు. మాత్ర మంచిగ తట్టుకుంటడు."

ఈ దారే మేలనుకుంటూ గోపాల్‌పేట మీదుగా పోయే బస్సు ఎక్కాను. ఈసారి సీటు దొరికింది. నాగర్‌కర్నూల్లో దిగి, ఆటోలో ఊరి చివర బాలయ్య ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అతను వేరుశనగ వేసే రైతు, మొదటి దారి ఎంచుకున్నవాడు. అతని భార్య ఎల్లమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది.

బాలయ్యకు రెండోసారి మందు ఎక్కించిన కొన్నాళ్లకు విరేచనాలు మొదలయ్యాయట.

"పోరగాండ్లకు ఆముదం తాపితే కడుపుల చెత్తంత పోతది గద," అన్నాడు. "గట్లనే మందు రోగాన్ని కడుగుతుందనుకున్న. సంబురమైంది."

"సంబురం గాదు, పండుగ జేసిండు," అంది ఎల్లమ్మ. "మందు పట్టింది, ఎవలకు చెప్పకు, దిష్టి తగుల్తది అన్నడు. నాల్గొద్దులకు మంచం మీదికెల్లి లేవలే. నేనే ఫోన్ జేసి తోల్కపోయిన."

అసలు జరిగింది వేరు. పగ్గాలు వదిలిన రక్షణ శక్తి అతని పేగుల మీదే పడింది. ఆసుపత్రిలో పెట్టుకొని స్టెరాయిడ్లు ఇచ్చి బతికించారు. క్యాన్సర్ మందులు ఆపేశారు. అయినా గడ్డలు కరిగాయని, ఇప్పటిదాకా మళ్లీ పెరగలేదని చెప్పాడు.

"మొదటి దినమే చెప్తే గింత గాకపోవు," అన్నాడు బాలయ్య. "దవాఖాన్ల నర్సమ్మ ముందుగాల్నే చెప్పింది. నేనే ఇనలే."

అది ఎలా మొదలవుతుంది, నొప్పి ఎక్కడ, తట్టుకోగలమా అని వరసగా అడిగాను. ఎల్లమ్మ రొట్టె వేయబోయి ఆగింది.

"అన్న కోసం వచ్చినోళ్లు బతుకుతడా అని అడుగుతరు. మీరు ఎట్లుంటది అని అడుగుతున్నరు. రోగం మీదే గద సారూ?"

అవునన్నాను.

"ఇంట్ల ఎరికేనా?"

తెలియదన్నాను. ఆమె నా కంచంలో రొట్టె వేసింది.

మూడు గంటలకు తిరుగు బస్సు ఎక్కాను. వనపర్తిలో బస్సు మారాను. ఈ దారిన రాబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. సత్తెమ్మ మందు సత్తెమ్మకు పనిచేసింది, బాలయ్య మందు బాలయ్యకు పనిచేసింది. ఇద్దరిని చూసి ఏది గొప్పదో తేల్చలేం, అది డాక్టరు గారి లెక్క. మాత్ర దారిలోనూ పగ్గాలు వదిలే మందు ఒకటి ఉండనే ఉంది. నోరు మూసుకొని భరించేవాడికి ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు. మందులు ఆపినా గడ్డలు పెరగలేదన్న మాట నన్ను బాలయ్య దారి వైపు లాగింది. డాక్టరు గారు సరేనంటే అదే. కానీ దానికి ఇంట్లో ఒక మనిషి కావాలి.

పెబ్బేరు దాటాక మా ఆవిడకు ఫోన్ చేసి, రాయి కాదు, క్యాన్సర్ అని చెప్పాను.

"బస్సుల కూసొని చెప్తరా గిది?"

"ఇంటికొస్తే మళ్లీ రాయి అనే చెబుతాను."

"సోమారం నేనూ వస్త," అంది. "మందు మొదలైనంక దినాం అడుగుత. కడుపు, దమ్ము, ఒంటికి పోయేది, అన్ని అడుగుత. చెప్తరా?"

"చెబుతాను."

"ఇయ్యాలది చెప్పుండ్రి."

బస్సు నిండా జనం. పక్క సీటాయన నా వైపే చూస్తున్నాడు.

"కుడి డొక్కలో నొప్పి," అన్నాను. వినపడలేదంది. గొంతు పెంచాను. "కుడి డొక్కలో నొప్పి. పొద్దున మూత్రంలో రక్తం పడింది."