‘మాఫీ’ అనొద్దన్న మేడమ్

ఇక్కడ గల్ఫ్‌లో, మా ఆసుపత్రి ఫార్మసీ డ్యూటీ గ్రూపులో శుక్రవారం పొద్దున కబురు వచ్చింది. అల్ తుమామాలో ఉండే మా సీనియర్ ఫార్మసిస్టు మేడమ్ నిద్రలోనే పోయారట. నేను మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో దోసెలు పోస్తున్నాను. పెనం మీది దోసె మాడి పొగలొచ్చేదాకా నాకు తెలియలేదు.

ఆ తర్వాత గ్రూపంతా పొగడ్తలే. శాంతమూర్తి అట, చిరునవ్వు చెరగని మనిషి అట! మా మేడమ్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని టేబులంతా వెతికేవారు, నెత్తిన ఉందని చెప్పే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు. “లైను కదిలితే చాలా అమ్మాయ్? మనిషికి తెలియాలి కదా!” అని నన్ను అందరి ముందూ ఎన్నిసార్లు కడిగేశారో. ఆ తిట్లకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఎందుకో చెబుతాను.

నిరుటి ఎండాకాలం జగిత్యాల వైపు కుర్రాడొకడు దగ్గు మందు కోసం మా ఆసుపత్రి కౌంటర్‌కి వచ్చాడు. మందు తీసుకుని నవ్వుతూ అన్నాడు, “మా కాకకు బీపీ మందు మాఫీ జేసిండ్రు గదా మేడమ్. మస్తు సంబురపడ్డడు.”

వెనకనున్న మేడమ్ చేతిలో పని ఆగిపోయింది. “మాఫీ ఏంటి బాబూ? ఎవరు చేశారు?”

“మీరే గదా. ‘దవా మాఫీ’ అన్నరట. ఇగ మందు అక్కర్లేదు, మాఫైంది అని బంద్ జేసిండు.”

జరిగిందేంటో నాకప్పుడు అర్థమైంది. ఆ మందు స్టాకు అయిపోయిన రోజున కౌంటర్‌లో ఉన్న మరో దేశపు సహోద్యోగి ‘దవా మాఫీ’ అని తర్వాతి నంబరు పిలిచింది. ఇక్కడి అరబ్బీలో దవా అంటే మందు, మాఫీ అంటే ‘లేదు’. దేశం నుంచి కొత్తగా వచ్చిన ఆ మనిషికి తెలిసిన మాఫీ ఒక్కటే, రుణమాఫీలో మాఫీ. అది ఉన్నట్టుండి ఆపకూడని మందు. ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

“ఇప్పుడెక్కడున్నారాయన?”

“డ్యూటీకి పోయిండు. ఉమ్ సలాల్ దిక్కు సైటు, పైన స్కఫోల్డింగ్ మీద పని. పొద్దుగాల తలకాయ పలుగుతాందన్నడు.”

సైటు మీద ఫోన్లు దగ్గర ఉంచనివ్వరు. కాక, అంటే ఆ కుర్రాడి బాబాయి, ఫోన్ మోగుతూనే ఉంది. కుర్రాడి దగ్గర ఫోర్‌మన్ నంబరు తీసుకుని, మేడమ్ తన విజయనగరం హిందీలో అందుకున్నారు. ఆ మనిషిని వెంటనే కిందికి దించమన్నారు. “క్యా బీమారీ?” అని అవతలి గొంతు విసుక్కుంది. జబ్బు పేరు బయటపడితే కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేయవచ్చు.

“బీమారీ మత్ పూఛో. గల్తీ హమారీ హై, హాస్పిటల్ కీ!” అని తప్పంతా ఆసుపత్రి మీద వేసుకుని అరిచారు మేడమ్. లైను కట్టయింది.

తిరిగి ఫోన్ వచ్చేదాకా ఆమె కూర్చోలేదు. కౌంటర్ బయట జనం “యల్లా, యల్లా” అని తొందరపెడుతూ అద్దం కొడుతున్నారు. నేను మందులిస్తున్నానే గానీ ప్రతి డబ్బా మీది పేరూ మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను, ఒక్క అక్షరం బుర్రకెక్కడం లేదు. కుర్రాడు గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. చివరికి ఫోన్ మోగింది. ఆయన కిందికి దిగాడు, దిగీ దిగగానే కూలబడ్డాడు. పైన ఉండగా పడితే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు భయమే. ఎమర్జెన్సీకి తెచ్చారు, బతికాడు.

రిపోర్టులో ‘పేషంటు తప్పుగా అర్థం చేసుకున్నాడు’ అని రాసి ముగిద్దామన్నారు మా పై అధికారి. అప్పటికి మేడమ్ కాంట్రాక్టు రెన్యువల్ ఆయన చేతిలోనే ఉంది. నేను ఆమె చెయ్యి గిల్లాను. విదిలించేశారు.

“ఆయన భాషలో ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడు సార్. మనం సరిగ్గా చెప్పలేదు. అదే రాయండి.”

అదే రాశారు. ఆ రోజు నుంచి మా కౌంటర్‌లో మాఫీ అనే మాట బంద్. మందు లేకపోతే ఎప్పుడొస్తుందో, అప్పటిదాకా ఏం వాడాలో చెప్పాలి. చెప్పింది మనిషి చేత తిరిగి చెప్పించుకోవాలి. లైను పెరిగి మా అందరికీ ఒళ్ళు మండేది, నాకైతే మరీనూ. రెన్యువల్ వచ్చేదాకా మేడమ్ ఎలా నిద్రపోయారో నాకు తెలియదు, ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు.

మేడమ్ పోయాక వచ్చిన ఆదివారం కాక తన మందు కోసం వచ్చాడు. నేను అడగకముందే, “పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి, బంద్ జెయ్యొద్దు” అని ఒప్పజెప్పి, నా వెనక్కి తొంగి చూశాడు.

“పెద్ద మేడమ్ ఏది?”

“పోయారన్నా.”

“ఏడికి? ఇండియకా?”

ఇక సూటిగా చెప్పాల్సి వచ్చింది. “చనిపోయారు.”

ఆయన అద్దానికి దగ్గరగా వంగాడు. “నీకు సరిగ్గ సమజైందా అమ్మా? ఒక్కోపారి ఒకటంటే ఒకటి సమజైతది. ఆళ్ళింటికి ఫోన్ జేసి మల్లొక్కపారి అడుగు.”

అద్దం కింది సందులోంచి తన ఫోన్ నా వైపు తోశాడు.