ఫ్లెక్సీ మీది ఫొటో మా సార్‌ది కాదు

మొయినాబాద్ కాలేజీలో మాకు జావా చెప్పిన సార్ పోయారు. గుండెపోటు. మొన్న పొద్దున నాతో చదివిన మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. ఏడ్చాను. కానీ ఈ నాలుగు ముక్కలు రాయిస్తున్నది ఏడుపు కాదు, కోపం.

ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మాటే అయిన రోజులవి. చేవెళ్ల వైపు నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చే మాకు జావా అంటే బట్టీ. సార్ దగ్గర బట్టీ సాగేది కాదు. రెండు ఆబ్జెక్టులు సమానమా కాదా అని పోల్చే పాఠం రోజు మమ్మల్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లి రెండు చాయ్‌లు చెప్పారు.

"ఇవి రెండు ఒక్కటేనా?"

"ఒక్కటే సార్, రెండూ చాయే" అన్నాను.

ఆయన ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. "ఒక్కటే అయితే రెండోది గూడ ఖాళీ కావాలె కద, ఎందుకు కాలే? డబుల్ ఈక్వల్ పెడితే 'ఇదే అదా' అని అడిగినట్టు. ఈక్వల్స్ మెథడ్ పిలిస్తే 'ఇది అసువంటిదేనా' అని అడిగినట్టు. ఏమేం కలిస్తే సమానమో నువ్వే రాసియ్యాలె. పేరొక్కటే చూడుమంటే మెషీన్ పేరొక్కటే చూస్తది."

పరీక్షలో పేరొక్కటే పోల్చి వదిలేస్తే, పేపరు మీద ఎర్ర ఇంకుతో "ఎవరిని ఎవరిల కలిపినవ్ బిడ్డా?" అని రాసేవారు. ఇప్పుడు ఉద్యోగంలో అలాంటి కోడ్ రాసే ప్రతిసారీ నాకు ఆ ప్రశ్న వినబడుతుంది. ఆ మేలు మరిచిపోలేను.

నిన్న సంతాప సభకు వెళ్లాను. కాలేజీ గేటు పక్కన టెంటు వేసి, రోడ్డు వైపు ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి అని పైన, సార్ పేరు కింద. మధ్యలో ఫొటో మాత్రం మెకానికల్ బ్రాంచి సార్‌ది! ఆయన పేరూ అదే, ఇద్దరిదీ మా చేవెళ్ల వైపు ప్రొద్దుటూరే. ఆయన నిక్షేపంగా బతికుండి, దండ వేసిన తన బొమ్మ ముందు బిక్కచచ్చి నిలబడి ఉన్నారు. అప్పుడే మా సార్ భార్య ఆటో దిగారు. తలెత్తి చూశారు.

"గీయన ఎవలు?" అన్నారు.

నేను సభ ఏర్పాట్లు చూస్తున్న కాలేజీ మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. "పేరు అదే, ఊరు అదే. కంప్యూటర్ల కొడితే గదే ఫొటో వచ్చింది. సభ అయినంక చూద్దాం తియ్" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఇదే గేటులోంచి నడిచిన మనిషి! కట్టేటప్పుడు ఒక్కడంటే ఒక్కడు ముఖం చూడలేదా? "మెషీన్‌కు తెల్వదు సరే, మీకు కండ్లు లేవా?" అని అరిచాను. నా గొంతు రోడ్డు దాకా వినిపించిందట. వినిపించనీ.

మెకానికల్ సార్ వాచ్‌మన్‌ను అడిగి బ్లేడు తీసుకున్నారు. కుర్చీ ఎక్కి తన ఫొటోను చుట్టూ కోసేశారు. "మాఫ్ చెయ్యి వదినే" అని, ఆ ముక్కను చుట్టి చంకలో పెట్టుకున్నారు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. సార్ పేరుకు పైన, ఆ ఖాళీలోంచి గండిపేట వైపు పోయే కార్లు కనిపిస్తున్నాయి. ఆవిడ మాట్లాడేవాళ్లను చూడలేదు. సభ అయ్యేదాకా అటే చూస్తూ కూర్చున్నారు.