చూపు బాగుపడిన నెల

2022 వానాకాలం. గుమ్మడిదల మండలంలో ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఒక కంపెనీకి కంటి పరీక్షలు చేయడానికి వెళ్లాను. నాకు పటాన్‌చెరులో కళ్లద్దాల దుకాణం ఉంది. నేను ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు కొలిచి అద్దాలు రాసేవాణ్ణి. డాక్టర్ను కాను. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా కార్మికులు కండ్ల డాక్టరనే పిలుస్తారు. నిజం చెప్పాలంటే, ఆ పిలుపు వినడానికి నాకూ బాగానే ఉండేది.

ఆ కంపెనీలో విజువల్ ఇన్‌స్పెక్షన్ అని ఒక గది ఉంది. అక్కడ ఒక నల్ల బోర్డు, ఒక తెల్ల బోర్డు ముందు, గట్టి లైటు కింద మందు సీసాను మెల్లగా తిప్పి చూస్తారు. లోపల దారప్పోగో గాజు నలుసో కనబడినా, మందు రంగు కాస్త మారినా ఆ సీసాను పక్కన పెడతారు. రోజంతా అదే పని. వాళ్ల చూపు సరిగా ఉందని ఆరునెలలకోసారి నేను ‘ఫిట్’ అని రాయాలి. రాయకపోతే ఆ గదిలోకి రానివ్వరు.

ఒక్క పూటలో అరవై మందిని చూడాలి. అందుకని నేనొక అతితెలివి చేసేవాణ్ణి. ఫారంలో ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అని ఒక గడి ఉంటుంది. ముందురోజే ఇంట్లో కూర్చుని అన్ని ఫారాల్లోనూ అక్కడ ‘నిల్’ అని రాసి పెట్టుకునేవాణ్ణి. అడిగినా ఎవరూ చెప్పరు, ఎందుకీ తద్దినం అని. పదేళ్లు అట్లాగే గడిచాయి.

మంజులది కంపెనీ పక్క ఊరే. ముప్పై నాలుగేళ్లుంటాయి. బోరు నీళ్లు వాసన కొట్టి పొలం పడావు పడ్డాక భర్త శ్రీశైలం ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు, ఈమె కంపెనీలో చేరింది. సీసాలు చూడటంలో ఆమెది డేగ కన్ను అని సూపర్‌వైజరే అనేవాడు. అలాంటి మనిషి ఆ పొద్దున రంగు చుక్కల పుస్తకం ముందు తడబడింది. చుక్కల మధ్య దాగిన అంకెలు సగానికి పైగా తప్పు చెప్పింది. లైటు గుచ్చుకుంటోందని కళ్లు చిట్లించింది. రంగులన్నీ వెలిసినట్టు కనబడుతున్నాయంది.

వెనక వరస పెరుగుతోంది. నాకు విసుగు. చూపు తప్పిన వాళ్లందరికీ పాడే పాటే ఆమెకూ పాడాను. ఫోన్ చూసుడు, చిన్నదానికీ పెద్దదానికీ గోలీలు మింగుడు బంద్ చేసి నెల తర్వాత రమ్మన్నాను.

“అన్ని గోలీలు బంద్ చెయ్యాల్నా సార్?” అంది.

“అన్నీ,” అన్నాను. తలెత్తలేదు. ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అని రాసి తర్వాతి మనిషిని పిలిచాను.

నెల తిరగ్గానే వచ్చింది. ఈసారి ఒక్క అంకె తప్పలేదు. చిన్న అక్షరాల వరస గడగడా చదివేసింది. చూశారా, మాట వింటే ఎట్లా బాగైందో అని నలుగురి ముందూ మెచ్చుకున్నాను. రుమాలు అడ్డం పెట్టుకుని రెండు మూడుసార్లు దగ్గింది. దగ్గుతో నాకేం పని అనుకున్నాను.

“ఇగ నన్ను ఆడికెళ్లి తియ్యరు గద సార్?”

తియ్యరని చెప్పి స్టాంపు వేశాను. నవ్వుతూ వెళ్లింది.

దసరా దాటాక శ్రీశైలం నా దుకాణానికి వచ్చాడు. అద్దాల కోసమనుకుని కూర్చోమన్నాను. సంచిలోంచి గోలీల పట్టీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క గోలీ కూడా వాడినట్టు లేదు. మంజుల పోయి ఇరవై రోజులైందన్నాడు.

తర్వాత నెమ్మదిగా అంతా చెప్పాడు. ఆమెకు ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది. అది ఊపిరితిత్తిలో వదిలిన గుంటలో ఫంగస్ పట్టింది, గోడకు బూజు పట్టినట్టు. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు వోరికొనజోల్ అనే గోలీలు నెలల తరబడి వాడాలన్నాడు. దగ్గు సంగతి తెలిస్తే ఇంజెక్షన్ల గదిలో ఉంచరని ఆమె కంపెనీలో చెప్పలేదు. ఆ గోలీలు వచ్చేది ఉద్యోగంతో వచ్చిన ఆరోగ్య కార్డు మీదే. ఉద్యోగం పోతే మందూ పోతుంది. ఆ ఉద్యోగం కోసమే మందు ఆపింది. ఒక పొద్దున దగ్గుతో పాటు రక్తం పడటం మొదలై, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

“గోలీ మింగినంక జెరసేపు కండ్లు గట్ల అయితయి, భయపడకుండ్రి, గోలీ మాత్రం ఆపొద్దని పెద్ద డాక్టర్ చెప్పిండు సార్,” అన్నాడు. “ఫిట్ అని రాసినంక మళ్ల ఏసుకోమన్న. కండ్ల డాక్టరే అన్ని బంద్ చెయ్యమన్నడు అన్నది. నేను గూడ నమ్మిన.”

ఒక పట్టీ తీసి దాని మీది పేరు చదివాను. అతనే మళ్లీ అడిగాడు.

“ఆ దినం పరీక్షకు జెర ముంగట్నే గోలీ ఏసుకున్నది. మధ్యాహ్నం పెడితే పాసైతుండెనా సార్?”

జవాబు నాకు తెలుసు. ఈ మందుతో చూపు మసకబారడం, రంగులు మారడం మామూలుగా మింగిన అరగంటకు మొదలై, గంటలో సర్దుకుంటాయి. ఎవరు చెప్పగలరు అని తప్పించుకుందామని నోరు తెరిచాను కూడా. సిగ్గేసింది.

“అయితుండె శ్రీశైలం,” అన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. పట్టీలు ఒక్కొక్కటే సంచిలో వేసుకుని, వస్త సార్ అని వెళ్లిపోయాడు. మందు వాడినా ఆమె బతికేది కాదేమోనని నన్ను నేను ఓదార్చుకున్న రాత్రులున్నాయి. ఆ ఓదార్పు తెల్లారేదాకా నిలవదు.

ఇప్పుడు ఏం గోలీ, ఎన్ని గంటలకు వేసుకున్నావని అడిగాకే పుస్తకం తెరుస్తాను. అరవై మందికి రెండు రోజులు పడుతోంది. కంపెనీ వాళ్లు సణుగుతారు, సణగనీ. చూపు తగ్గినవాళ్లను ఒకసారి అడిగితే, ఉన్నట్టుండి బాగుపడినవాళ్లను రెండుసార్లు అడుగుతాను, ఏం మానేసినవమ్మా అని. ఆ నెల మంజులను ఆ ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. నన్ను అంత నమ్మింది.